పని అప్పగించినా పెత్తనం అప్పగించరాదు

బయటి సంస్థ చేత సాఫ్ట్‌వేర్ చేయించుకోవడం దర్జీకి గుడ్డ ఇచ్చి రావడం వంటిదని పెక్కుమంది యజమానుల నమ్మకం. గుడ్డతోపాటు కొలతలు కూడా ఇవ్వాలన్న సంగతి వారికి జ్ఞప్తికి రాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఆరోగ్యశాఖకు ఈ సంగతి 2010లో తెలిసివచ్చింది.

ఆ శాఖలో డాక్టర్లు, నర్సులు, తదితర సిబ్బంది కలిసి సుమారు 78 వేల మంది. రాత్రి డ్యూటీకి ఒక లెక్క, సెలవునాటి పనికి మరొకటి. ఇలా జీతం కట్టవలసిన తీరులు 24 వేలకు పైగా తేలాయి. పాత వేతన వ్యవస్థకు దాని తయారీదారు మద్దతు ముగియవచ్చిందన్న ఆందోళనతో 2007 డిసెంబరులో ఐ.బి.ఎం. సంస్థతో ఒప్పందం కుదుర్చుకున్నారు. వేతనాల భాగానికి అనుకున్న ధర దాదాపు 62 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు. తమకు కావలసినదేమిటో శాఖ స్పష్టంగా నిర్ణయించుకోనేలేదు. పాత లెక్కనూ కొత్త లెక్కనూ పక్కపక్కన పెట్టి అందరి జీతాలనూ సరిచూసే పరీక్షను పూర్తిగా జరపకుండానే 2010 మార్చిలో కొత్త వ్యవస్థను ప్రారంభించారు.

వేలమందికి జీతం తప్పుగా వచ్చింది. కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ, మరికొందరికి అసలే లేదు. రోగి పక్కన రాత్రంతా మేలుకొన్న నర్సు ఇంటి అద్దెకు అప్పు వెతుక్కోవలసి వస్తే తప్పు యంత్రానిదని సరిపెట్టుకోగలదా? ఎనిమిదేళ్ళలో మొత్తం ఖర్చు 120 కోట్ల డాలర్లకు చేరగలదని 2012లో అంచనా వేశారు. 2013లో విచారణ సంఘం తప్పును ఒక్క కంపెనీ మీదకే నెట్టలేదు. ప్రభుత్వ పర్యవేక్షణ లోపాన్నీ ఎత్తిచూపింది.

ఏ కార్యాలయంలోనైనా ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న గుమాస్తా తలలో ఉండే మినహాయింపులన్నీ నియమావళిలోకి ఎక్కవు. అట్టివారిని కొన్ని నెలలపాటు రోజువారీ పని నుండి తప్పించి, సాఫ్ట్‌వేర్ రాసేవారి పక్కన కూర్చోబెట్టడానికి అధికారులు సామాన్యంగా ఇష్టపడరు. నిజానికి ఆ ఖర్చే అన్నిటికన్నా చవక.

మన దేశంలో విదేశాంగ మంత్రిత్వశాఖ పాస్‌పోర్టు సేవా పథకాన్ని 2008 అక్టోబరులో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు అప్పగించింది. 2010లో కర్ణాటకలోనూ చండీగఢ్‌లోనూ మొదట ప్రయోగాత్మకంగా నడిపి చూశారు. వ్యవస్థను ప్రభుత్వ పరీక్షా సంస్థ తనిఖీ చేసిన మీదటే దేశమంతటా విస్తరింపజేశారు. ఇందువల్ల అనుకున్న గడువు దాటిపోయింది, విమర్శలూ వచ్చాయి. అయినా 2012 జూన్ నాటికి 77 కేంద్రాలు పనిచేయసాగాయి. తొలినాళ్ళలో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనమైన మాట నిజమే. కాని పాస్‌పోర్టులు ఆగిపోలేదు.

సంస్థకు చెల్లింపును, అందించిన సేవల సంఖ్యకూ నాణ్యతకూ ముడిపెట్టడం ఇందుకు ఒక కారణం. అంతకన్నా ముఖ్యమైన కారణం కేంద్రంలోని కౌంటర్ల అమరికలోనే కనిపిస్తుంది. హైదరాబాదులోనైనా విశాఖపట్నంలోనైనా ‘ఎ’ కౌంటరులో ఫొటో, వేలిముద్రలు తీసుకొనేది కంపెనీ ఉద్యోగి. ‘బి’లో పత్రాలు పరిశీలించేది, ‘సి’లో మంజూరు నిర్ణయించేది ప్రభుత్వాధికారులు. 2022 జనవరిలో అదే సంస్థతో రెండవ దశకు ఒప్పందం జరిగింది. ‘సి’ కౌంటరులో మాత్రం నేటికీ కూర్చొనేది పాస్‌పోర్టు కార్యాలయపు అధికారే.