కనిపించే సంగీతం

లలితకళలు ఐదు. వాటిలో సంగీతం చెవికి, చిత్రలేఖనం కంటికి విందు చేస్తాయి. సంగీతం కాలంలో ప్రవహిస్తుంది. చిత్రం స్థలంలో నిలుస్తుంది. గ్రహించే ఇంద్రియాలు వేరైనా, రెండూ చేరేది హృదయాన్నే. అందుకే నాదానికి రూపం కల్పించాలనే కోరిక కళాకారులలో ఏనాటి నుంచో ఉంది.

మన దేశంలో ఆ కోరిక రాగమాల చిత్రాలుగా ఫలించింది. రాజస్థాన్‌లోనూ, హిమాలయ పర్వత ప్రాంతాలలోనూ, దక్కనులోనూ చిత్రకారులు ఒక్కొక్క రాగాన్ని నాయకుడిగానో, నాయికగానో భావించి చిత్రించారు. తోడి రాగిణి వీణ ధరించిన యువతి. ఆమె చుట్టూ లేళ్లు చేరి ఉంటాయి. ఈ చిత్రాలలో స్వరాల అమరిక కంటే రాగం కలిగించే భావమే ప్రధానం.

పాశ్చాత్యులు మరొక మార్గాన్ని అనుసరించారు. 1704లో వెలువడిన 'ఆప్టిక్స్' గ్రంథంలో న్యూటన్ కాంతిలోని ఏడు రంగులను సప్తస్వరాలతో పోల్చాడు. 1725లో ఫ్రాన్సు దేశస్థుడైన కాస్టెల్, మీట నొక్కగానే స్వరానికి తగిన రంగు కనబడే వాద్యాన్ని ప్రతిపాదించాడు. రష్యన్ స్వరకర్త స్క్రియాబిన్ 1910 నాటి తన 'ప్రొమీథియస్' రచనలో రంగుల కాంతికి కూడా ప్రత్యేకంగా స్వరలిపి రాశాడు. 1915లో న్యూయార్క్‌లో ఆ రచనను వాయించినప్పుడు తెరపై రంగులు ప్రసరింపజేశారు. అయితే పాశ్చాత్య స్వరమాలలోని 'సి' స్వరం కాస్టెల్‌కు నీలం, స్క్రియాబిన్‌కు ఎరుపు! స్వరానికి ఇదే రంగు అని ప్రకృతి విధించిన నియమమేదీ లేదని దీనివల్ల తెలుస్తుంది. మరి నిర్ణయించవలసినది ఎవరు?

ఆ నిర్ణయంలో ప్రేక్షకుడికీ భాగమిచ్చేది ప్రతిస్పందన కళ. జపాన్ కళాకారుడు తోషియో ఇవాయ్ 1995లో పియానోతో ఇటువంటి కళాఖండాన్ని రూపొందించాడు. ప్రేక్షకుడు చేతి కింది బంతిని తిప్పుతూ ఎదుటి గడులలో కాంతి బిందువులను ఉంచుతాడు. అవి కదిలివచ్చి పియానో మీటలను తాకగానే స్వరం పలుకుతుంది. వెంటనే కాంతిరూపాలు పైకెగురుతాయి. ఇవాయ్, యమహా సంస్థ కలిసి రూపొందించగా 2007లో విడుదలైన 'టెనోరి-ఆన్' వాద్యంలో వెలిగే మీటలు 256. వాటిపై వేలితో గీసిన బొమ్మే పాటగా వినిపిస్తుంది.

ఏళ్ల తరబడి శ్రమించకుండానే సంగీతం పలికితే ఇక సాధనకు విలువేమిటన్న సందేహం సహజం. కానీ ఏ బిందువుకు ఏ స్వరం పలకాలో, ఏ రూపం ఎగరాలో కళాకారుడు ముందే అమర్చి ఉంచాడు. అతని సాధన ఆ అమరికలో దాగి ఉంది. ప్రేక్షకుడి స్వేచ్ఛ దానికి లోబడినదే. అయినా బిందువును ఎక్కడ ఉంచితే వినసొంపుగా ఉంటుందో మళ్లీ మళ్లీ ప్రయత్నించి చూసేవాడు, తనకు తెలియకుండానే సాధన ప్రారంభించినట్లే కదా!