చేతిలో 8, కావలసింది 9: బ్రిడ్జి ఆటలో శాతాల లెక్క

మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు పేకాట అనగానే గుర్తొచ్చేవి రమ్మీ, మూడు ముక్కలాట. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదని సుప్రీంకోర్టు 1967లోనే తేల్చింది. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడినవాళ్ల మీద పెట్టిన కేసులో ఆ ఏడాది నవంబరు 22న తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ హిదాయతుల్లా. మూడు ముక్కలాట ఉత్త అదృష్టమే అన్నారు. రమ్మీలో మాత్రం పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచాలో ఏది దింపాలో తెలియాలి కాబట్టి అది నేర్పుతో ఆడే ఆట అన్నారు. రమ్మీలో అదృష్టం పాలు బ్రిడ్జి పంపకంలో ఉండేలాంటిదేనని కూడా రాశారు.

అంటే కోర్టు కొలబద్దగా తీసుకున్నది బ్రిడ్జిని. ఇంతకీ ఆ ఆటలో అదృష్టమెంత, నేర్పెంత?

అంకెల్లో తేడా

52 ముక్కల్లోంచి మూడు ముక్కలు 22,100 రకాలుగా పడతాయి. అందులో మూడూ ఒకే అంకె వచ్చేవి 52, అంటే 425 చేతులకు ఒకటి. పడ్డ ముక్కల్ని మార్చుకునే వీలు లేదు. ఇక 13 ముక్కల చేతులైతే 63,501 కోట్లకు పైనే. ఇందులోనూ పంపకం మన చేతిలో లేదు. కానీ పంచాక చేయాల్సింది చాలా ఉంది.

బ్రిడ్జిలో నలుగురు నాలుగు దిక్కులా కూర్చుంటారు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు జట్టు. నలుగురూ తలో ముక్క వేస్తే ఒక పట్టు. మొత్తం 13 పట్లు. ఎన్ని పడతామో ముందే పాట పాడాలి, పాడినన్ని పట్టాలి.

పాట: 16కు 12 కలిస్తే

ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున పేకలో మొత్తం 40 పాయింట్లు. ఈ చెయ్యి కాగితం మీదో, మన మార్కాపురం పలక మీదో రాసుకోండి.

మనం దక్షిణం. ఇస్పేటు ఆసు, రాణి, 4; ఆటీను ఆసు, 6, 3, 2; డైమను ఆసు, రాణి, 7; కళావరు 8, 6, 3. మొత్తం 16 పాయింట్లు.

జతగాడు ఉత్తరం. ఇస్పేటు రాజు, 6, 3. ఆటీను 7, 5. డైమను 9, 6, 4, 3. కళావరు ఆసు, రాజు, రాణి, 2. మొత్తం 12.

మనం ‘ఒక నో ట్రంప్’ అన్నాం. ముక్కలు అన్ని రంగుల్లో సమంగా ఉన్నాయనీ, పాయింట్లు 15 నుంచి 17 లోపనీ దానర్థం. జతగాడు తన 12కు కనీసం 15 కలిపాడు: 27. తురుపు లేకుండా 9 పట్లు పట్టడానికి మామూలుగా 25 చాలు. అందుకే ‘మూడు నో ట్రంప్’, అంటే తురుపు లేకుండా 9 పట్లు, అని పాట ముగించాడు. ఒకరి ముక్క ఒకరు చూడకుండానే ఇంత తెలిసిపోయింది.

ఆట: ఏది ముందు?

పడమర ఆటగాడు ఆటీను రాజు వేశాడు. జతగాడి ముక్కలు బల్ల మీద పరిచారు. ఖాయమైనవి లెక్కపెడదాం: ఇస్పేటు 3, ఆటీను 1, డైమను 1, కళావరు 3. మొత్తం 8. ఇంకొక్కటి కావాలి. దారులు రెండు.

ఒకటి కళావరు. ఎదుటివాళ్ల దగ్గరున్న ఆరు కళావర్లు చెరి మూడుగా పడితే జతగాడి 2 కూడా పట్టు అవుతుంది. అలా పడే అవకాశం సుమారు 36 శాతం. 4-2గా పడేది 48 శాతం.

రెండోది డైమను. జతగాడి చేతిలోంచి చిన్న ముక్క వేసి, మనం రాణి వేయాలి. రాజు తూర్పు దగ్గరుంటే రాణి గెలుస్తుంది. చెరి సగం, 50 శాతం. రెండు దారుల్లో ఏదో ఒకటైనా కలిసొచ్చే అవకాశం 68 శాతం.

ఇప్పుడు ఆట చెప్పేది వినాలి. ఆటీన్లు రెండు పట్లు వదిలేసి, మూడోసారి ఆసుతో పట్టాం. మూడో ఆటీనుకు తూర్పు వేరే రంగు వేశాడు. అంటే ఆటీన్లు పడమరకు అయిదు, తూర్పుకు రెండు. మనకు తెలియని ముక్కలు పడమర చేతిలో 8, తూర్పు చేతిలో 11. డైమను రాజు తూర్పున ఉండే అవకాశం 19లో 11, అంటే 58 శాతం. కళావర్లు చెరి మూడుగా పడేది 34కు తగ్గింది.

58 పెద్దది కదా అని ముందు డైమను ఆడితే? ఓడితే పడమర రాజుతో పట్టి, మిగిలిన రెండు ఆటీన్లూ గుంజుకుంటాడు. అయిదు పట్లు పోయి పాట ఓడిపోతాం. అదే ముందు కళావరు ఆసు, రాజు, రాణి ఆడితే ఆట మన చేయి దాటదు. చెరి మూడు పడితే 9 వచ్చేసినట్టే, డైమను జోలికే పోనక్కర్లేదు. పడకపోతే అప్పుడు డైమను. ఇలా ఆడితే గెలుపు 71 శాతం. అవే ముక్కలు, అదే పాట. వరస మార్చినందుకు 13 శాతం లాభం. నేర్పు అంటే ఇదే.

పందెం మాట

ఈ ఆటలోనే 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ మనకు స్వర్ణం తెచ్చారు. అప్పటికి బర్ధన్ వయసు 60.

అయితే నేర్పు ఆట అన్నంత మాత్రాన పందేనికి అనుమతి దొరికినట్టు కాదు. నిర్వాహకులు ఆటను లాభసాటి జూదంగా మారిస్తే నేరమే కావచ్చని ఆ తీర్పే హెచ్చరించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో నేర్పు, అదృష్టం తేడానే చూడలేదు.

పై చేతిని తప్పు లేకుండా ఆడినా వందలో 29 సార్లు ఓడతాం. కాబట్టి ఎంత బాగా ఆడగలిగినా ఆటను పాయింట్లకే ఆడండి, పైసలకు వద్దు.