మందు కొనేముందు పరీక్ష – కేన్సరు గడ్డలోని ప్రొటీన్లు చెప్పే సంగతి



"పక్క వీధి వదినగారిది కూడా రొమ్ము కేన్సరేనండి. ఆవిడకి ఏదో ఇంజక్షను బాగా పనిచేసిందంట. మా అమ్మకి కూడా అదే రాయండి డాక్టరుగారూ." కేన్సరు వచ్చిన ఇంట్లో ఈ మాట తరచు వినిపిస్తుంది. ఆ ఇంజక్షను కోసం నగలు కుదవపెట్టడానికి, కొబ్బరితోట తాకట్టు పెట్టడానికి కూడా పిల్లలు సిద్ధపడతారు. అది ప్రేమతో చేసే పనే. కాని ఆ మందు అమ్మ గడ్డకు సరిపడేది కాకపోతే డబ్బూ పోతుంది, అంతకన్న విలువైన కాలమూ పోతుంది. సౌలు రాజు కవచం మంచిదే. అయినా దావీదు దాన్ని విప్పి పక్కన పెట్టాడు, అది తనకు అలవాటైనది కాదు గనుక. కేన్సరు మందుల సంగతీ అంతే. ఎవరికి ఏ మందు సరిపడుతుందో ముందుగా తేల్చే పరీక్షలను గురించి తెలుసుకుందాం.

కణంలో ప్రొటీన్ల పని

ప్రొటీన్ అనగానే మనకు పప్పు, గుడ్డు, చేప గుర్తుకొస్తాయి. మన ఒంట్లోని ప్రతి కణంలోనూ వేలాది రకాల ప్రొటీన్లున్నాయి. కణానికి అవే పనివాళ్లు. ఒక ప్రొటీన్ మరొకదానికి అతుక్కుని "పెరుగు", "ఆగు" అనే కబురు అందిస్తుంది.

మన గోదారి పంటును తలచుకోండి. పంటు రేవుకు ఆనితేనే మనుషులు దిగుతారు, సరుకు దిగుతుంది. ప్రొటీన్ల కబురు కూడా ఒకటి మరొకదానికి ఆనినప్పుడే చేరుతుంది. కేన్సరు కణంలో "పెరుగు" అనే కబురు ఆగకుండా దిగుతూనే ఉంటుంది. గురి చూసి కొట్టే మందులు, అంటే టార్గెటెడ్ మందులు, ఆ రేవుకు అడ్డం పడతాయి. అయితే గడ్డ ఏ రేవు మీద ఆధారపడి బతుకుతోందో తెలియకుండా అడ్డం వేస్తే లాభం లేదు.

గోదావరి బిడ్డ చూపిన దారి

ఈ ఆలోచనకు మన ప్రాంతంతో సంబంధముంది. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ను పోలిన మందులను ఆయన బృందం తయారుచేసింది. ఇవి కణంలోని ఒక ప్రొటీన్‌కు అతుక్కుని, అసలు విటమిన్‌కు చోటు లేకుండా చేస్తాయి. అలాంటి అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. ఆ గుణం కొంతకాలమే నిలిచినా, కేన్సరుకు మందు ఉంటుందన్న ఆశ పుట్టింది. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు.

ఇప్పుడు చేస్తున్న పరీక్షలు

రొమ్ము కేన్సరు అని తేలగానే, తీసిన ముక్క మీద ఈఆర్, పీఆర్, హెర్-2 అనే మూడు ప్రొటీన్లను చూస్తారు. ఈఆర్ ఉంటే హార్మోను మాత్రలు పనిచేసే అవకాశముంది. హెర్-2 ఎక్కువగా ఉండేది నూటికి సుమారు 15 నుంచి 20 మందిలో. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ ఇంజక్షను అలాంటివారికే. రిపోర్టులో 3+ అని ఉంటే హెర్-2 ఉన్నట్టే. 2+ అయితే సందేహం, ఫిష్ అనే మరో పరీక్ష చేయించాలి. 0, 1+ అయితే ఆ ఇంజక్షనుతో ప్రయోజనం ఉండదు. వ్యాధి ఇతర భాగాలకు పాకినప్పుడు మాత్రం, 1+ వచ్చిన కొందరికి ఈమధ్య వచ్చిన వేరే రకం మందు వాడుతున్నారు.

హెర్-2 ప్రొటీన్ హెర్-3 అనే మరో ప్రొటీన్‌తో జతకట్టినప్పుడు కబురు మరీ బలంగా వెళుతుంది. ఆ జత కుదరకుండా అడ్డుపడే పెర్టుజుమాబ్ అనే మందుకు 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది.

సీఎంఎల్ అనే రక్తకేన్సరులో బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రొటీన్ ఉందో లేదో చూసి ఇమాటినిబ్ మాత్ర మొదలుపెడతారు. ఈ మాత్రను హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థ 2003లో తక్కువ ధరకు తెచ్చింది. విదేశీ కంపెనీ పేటెంటు కోరగా 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నిరాకరించింది. అందువల్ల ఎన్నో పేద కుటుంబాలకు ఈ మాత్ర అందుబాటులో నిలిచింది. ఊపిరితిత్తుల కేన్సరులో ఈజీఎఫ్ఆర్, ఆల్క్ మొదలైన పరీక్షలు ఇలాగే దారి చూపుతాయి.

కొత్తగా వస్తున్న పరీక్షలు

పరీక్షలో హెర్-2 ఉందని తేలినా కొందరికి మందు పనిచేయదు. ఎందుకని? పై పరీక్ష పంటులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది. వాటిలో ఎన్ని రేవుకు ఆనాయో చెప్పదు. ఆ రెండో లెక్క తీసేవే ప్రొటీన్ల కలయిక పరీక్షలు.

స్వీడన్‌లోని ఉప్సాలా శాస్త్రవేత్తలు 2006లో ఒక పద్ధతి చూపారు. రెండు ప్రొటీన్లకు రెండు గుర్తులు తగిలిస్తారు. ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి ఉంటేనే గుర్తులు కలిసి, సూక్ష్మదర్శినిలో ఒక వెలుగు చుక్క కనిపిస్తుంది. చుక్కలు లెక్కపెడితే ఎన్ని జతలున్నాయో తెలుస్తుంది. 2018లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు ప్రొటీన్ జతలను ఒక్కొక్కటిగా లెక్కించి, రొమ్ము, ఊపిరితిత్తుల కేన్సర్లలో మందు పనిచేసే తీరును ముందుగా అంచనా వేయడానికి ప్రయత్నించారు.

ఇవి ఎక్కువగా పరిశోధన స్థాయిలోనే ఉన్నాయి. కనుక వీటి కోసం అప్పుచేసి ఊళ్లు తిరగవద్దు. ఇప్పుడు దొరుకుతున్న పరీక్షలను పూర్తిగా, సకాలంలో చేయించుకోవడమే ముఖ్యం.

మీరు చేయవలసినవి

1. ముక్క తీసిన తరువాత దాన్ని మైనంలో దిమ్మగా చేసి భద్రపరుస్తారు. దాన్నే బ్లాకు అంటారు. అమలాపురంలో ముక్క తీయించుకుని చికిత్సకు కాకినాడో, విశాఖపట్నమో వెళ్లేవారు బ్లాకు, స్లైడ్లు, రిపోర్టులు వెంట తీసుకువెళ్లండి. అవి ఉంటే చాలాసార్లు మళ్లీ ముక్క తీయించుకునే బాధ తప్పుతుంది.

2. ఖరీదైన మందు రాసినప్పుడు, "ఇది ఏ పరీక్షను చూసి రాశారండి?" అని మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు.

3. హెర్-2 ఇంజక్షను మొదలుపెట్టే ముందు, వాడుతున్నప్పుడు గుండెకు ఎకో పరీక్ష అవసరం. దాన్ని మానవద్దు.

4. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉన్నవారు ఏ పరీక్ష, ఏ మందు దానిలోకి వస్తాయో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి కూడా ఉంది.

5. టార్గెటెడ్ మందు మీకు కాదని తేలితే నిరాశపడవద్దు. ఆపరేషను, కీమో, రేడియేషను, హార్మోను మాత్రలతో నయమైనవారు ఎందరో ఉన్నారు. "మనకు మందు లేదు" అనుకుని చికిత్స మానివేయడం అన్నిటికంటే ప్రమాదం.

సంఘస్థులకు ఒక మనవి. రోగిని చూడడానికి వెళ్లినప్పుడు ఫలానా మందు వాడమని సలహా చెప్పకండి. వారితోపాటు ఆస్పత్రికి ఒకరు వెళ్లండి, కాగితాలు సర్దిపెట్టండి, వారి ఇంట్లో పిల్లలకు అన్నం వండిపెట్టండి. ప్రార్థనతోపాటు ఈ సహాయం కూడా పరిచర్యే. స్వస్థపరచే దేవుడు మీ కుటుంబాలకు తోడైయుండునుగాక.