ఇంటనుండియే చిత్రసేవ

ఎక్కడనో యున్న పరిశోధకులకు మన యింటి వసారాలోఁ గూర్చుండి బొమ్మలు గీసి పంపుట యొక లోకసేవ యనిన మన యత్తగార్లు నవ్వుదురేమో. కాని యది నేఁడు జరుగుచున్న పనియే. ఐక్యరాజ్యసమితి స్వచ్ఛందసేవకుల సంస్థ 2000 సంవత్సరము మొదలు అంతర్జాలము ద్వారా వేతనము గోరని సేవకులను, వారి సాయము గోరు సంస్థలతోఁ గూర్చుచున్నది. 18 ఏండ్లు నిండినవారు పేరు నమోదు చేసికొనవచ్చును. అనువాదము చేయువారు, లెక్కలు చూచువారు, చిత్రములు కూర్చువారు అందఱును కావలసినవారే.

అందు మేమిచట ముచ్చటింపఁదలఁచినది, సెల్‌ఫోనులోని సొమ్ము వ్యవహారము సామాన్యులకెంతవఱకు బోధపడినదని విచారించు పరిశోధనలకుఁ జిత్రములు సమకూర్చుటను గూర్చి.

2014 ఆగష్టు 28వ తేదీన ఆరంభమైన జనధన యోజన వలనఁ గోట్లకొలఁది స్త్రీల పేర ఖాతాలు వెలసినవి. 2016లో యూపీఐ వచ్చినది. అయినను ఖాతా తెఱచుట వేఱు, అది తన చేతిలో నుండుట వేఱు. పింఛను పడినదా లేదా యని మనుమని నడుగు అవ్వలును, పిన్ను సంఖ్యను పరులకుఁ జెప్పి మిన్నకుండు అమ్మలును మన వీథిలోనే లేరా? మోసగాఁడు “ఈ గళ్లబొమ్మకెదురుగా ఫోను పట్టుము, పిన్ను నొక్కుము, నీకు సొమ్ము వచ్చును” అనును. సొమ్ము పంపుటకును, నిలువ చూచుకొనుటకును పిన్ను కావలెను గాని, పుచ్చుకొనుట కక్కఱలేదు. ఈ యొక్క సంగతి యెఱుఁగక కష్టార్జితము పోఁగొట్టుకొన్నవారెందఱో!

చదువురాని యామె కీ సంగతి తెలియునా యని యడుగుటకు బొమ్మల చీటి చూపుదురు. అందు ఫోనును, రూపాయలును గీసి, సొమ్ము పోవుచున్నదో వచ్చుచున్నదో తేటపఱుపకున్నచో నామె యొకటి తలఁచి వేఱొకటి చెప్పును. ఆ తప్పు జవాబే పట్టికకెక్కును, దానినిబట్టియే రేపు పాఠములు వ్రాయుదురు. తాళపుకప్ప గుర్తు చూచి “భద్రము” అని మనమనుకొందుము. ఖాతా మూసివేసిరని యొకామె తలఁపవచ్చును గదా!

ఈ విద్యకు వియన్నా నగరమున మంచి పునాది పడినది. అచట 1925లో ఆటో నైరాత్ అను పండితుఁడు స్థాపించిన ప్రదర్శనశాలలో లెక్కలను బొమ్మలుగాఁ జూపిరి. హెచ్చు సంఖ్యకుఁ బెద్దబొమ్మ కాదు, హెచ్చుబొమ్మలు వేయవలెననుట వారి నియమము. పండితునకును చిత్రకారునకును నడుమ నిలిచి, యే విషయమును ఎట్లు చూపవలెనో నిర్ణయించినది మారీ రైడెమైస్టర్ అను స్త్రీ. మా దృష్టిలో గీయుటకన్న నదియే కష్టమైన పని.

చుక్కలు లెక్కించి మెలిక తప్పక ముగ్గు పెట్టఁగల చేతికి గీతల పొందిక క్రొత్తగా నేర్పనక్కఱలేదు. ఇంక్‌స్కేప్ వంటి ఉచిత సాధనములు కలవు. మౌసు పట్టు కుదురుటకే కొంతకాలము పట్టును. ఆంగ్లాక్షరములకుఁ దగినట్లు కూర్చిన పుటలో తెలుఁగు వ్రాసినచో, పైపంక్తి ఒత్తులు క్రిందిపంక్తి గుడులతో ఢీకొనును. పంక్తుల నడుమ చోటు పెంచుఁడు.

ఇఁక వేతనము మాట. సర్వే చేయువారికిని, అచ్చువేయువారికిని రొక్కమిచ్చి, చిత్రకారిణిని మాత్రము సేవ పేరిట ఉత్తచేతులతోఁ బంపు సంస్థలయెడ మాకు గౌరవము లేదు. ఆఁడుదాని పని యూరక దొరకవలెనను తలంపు వంటయింటి నుండి యంతర్జాలము దాఁక ప్రాకినది. గంటలెన్ని, గడువెప్పుడు, నివేదికలో పేరు వేయుదురా యని ముందే వ్రాతమూలముగా నడుగుఁడు. చేర్చుకొనుటకు రుసుము కోరినచో నటనే విడిచిపెట్టుఁడు.

మోసపోయినవారు వెంటనే ఫోను చేయవలసిన 1930 సంఖ్యను చీటి యడుగున పెద్ద యంకెలతో నుంచుఁడు. చిత్రము ముగిసిన పిదప, చదువురాని పొరుగమ్మకుఁ జూపి, “ఇందేమి జరుగుచున్నది?” అని మాత్రమడిగి యూరకుండుఁడు. ఆమె చెప్పిన మాటలను చెప్పినట్లే వ్రాసి, చిత్రముతోఁ గూడ పరిశోధకులకుఁ బంపుఁడు.