గేదె పోతే ఎక్కడ చెప్పుకోవాలి? డిగ్రీలో నేరన్యాయం చదివితే తెలుస్తుంది

పక్క మండలం సంతలో దొంగ గేదెను తోలుకుపోయాడు. సొంత ఊరి స్టేషనుకు వెళితే "అది మా పరిధి కాదు, అక్కడికే వెళ్ళు" అన్నారు. రైతు ఏం చేయాలి?

జవాబు తెలిసినవారు ఊరికి ఒక్కరైనా ఉండాలి. కాలేజీకి వెళ్ళే మన పిల్లలే ఆ ఒక్కరు కావచ్చు. 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుతోపాటు 'మైనర్' పేరిట మరొకటి చదివే వీలు కలిగింది. చరిత్రో, రాజనీతి శాస్త్రమో చదివేవారు, తమ కాలేజీలో ఉంటే, నేరన్యాయం తీసుకోవచ్చు. పోలీసులు, కోర్టులు, జైళ్ళు ఎలా పనిచేస్తాయో అందులో చెబుతారు.

2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన నేరమైతే, అది ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చని దాని 173వ సెక్షను చెబుతోంది. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోనంటే జిల్లా ఎస్పీకి పోస్టులో రాయవచ్చు. అక్కడా కాకుంటే మేజిస్ట్రేటు ఉన్నారు.

ఒక మాట మరవొద్దు. మైనర్ చదివినంత మాత్రాన వకీలు కారు. నల్లకోటు వేయాలంటే డిగ్రీ తర్వాత మూడేళ్ళ లా చదివి, బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి.

కాలేజీలో చేర్చేటప్పుడు మైనర్ సబ్జెక్టుల జాబితా అడిగి చూడండి. గేదె దొరుకుతుందో లేదో చెప్పలేం. ఫిర్యాదు కాగితం మాత్రం రైతు చేతికి రావాలి.