అనువాద సాఫ్ట్‌వేర్‌లో టిప్పణి స్థానము : విండోల మధ్య సంచారమునకు కీబోర్డు ఆదేశములు — పల్నాటి వీరగాథ నిదర్శనముగా

ప్రాచీన గ్రంథమును అనువదించు విద్వాంసుని ముందు ఎల్లప్పుడును మూడు పాఠములుండును. మొదటిది మూలము, రెండవది అనువాదము, మూడవది టిప్పణి. పాఠాంతరములు, సందేహములు, ఆకరములు, ఒక పదమును గ్రహించి మరియొక పదమును విడిచిన కారణములు టిప్పణిలో చేరును. తాళపత్రముల కాలమున ఇట్టివి ఆకు అంచులలోనో, పంక్తుల నడుమనో మూలమునకు చేరువగా వ్రాయబడెడివి. కంప్యూటరుపై అనువదించునపుడు ఈ మూడును వేర్వేరు విండోలలో నుండును. ఒక విండో నుండి మరియొక విండోకు పోవుట శ్రమయైనచో టిప్పణి ‘తరువాత వ్రాయుదము’ అని వాయిదా పడును. వాయిదా పడినది చాలవరకు విస్మృతమగును. కావున విండోల మధ్య సంచరించు కీబోర్డు ఆదేశములు తెలియుట వేగమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. అది పరిశోధన ప్రామాణ్యమునకు సంబంధించినది.

పల్నాటి వాఙ్మయమునందలి అవసరము

టిప్పణి లేక అనువాదము నిలువని వాఙ్మయమునకు పల్నాటి వీరగాథ చక్కని నిదర్శనము. శ్రీనాథుని కృతిగా ప్రసిద్ధమైన ద్విపద కావ్యమును అక్కిరాజు ఉమాకాంతము 1911లో ప్రకటించెను. వీరవిద్యావంతులు పాడు మౌఖిక గాథను ఆలిసెట్టి గాలెయ్య గానము ఆధారముగా జీన్ రోఘైర్ ఆంగ్లమున అనువదించి, అధ్యయనముతో కూడ 1982లో ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’ అను గ్రంథముగా వెలువరించెను.

కారెంపూడిలో వీరుల ఉత్సవమున వినవచ్చు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అను దినముల పేర్లను పరభాషలోనికి తెచ్చుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. ‘చాపకూడు’ అను మాటకు ‘సహపంక్తి భోజనము’ అను అర్థము నిచ్చినంతమాత్రమున బ్రహ్మనాయుని పేర ప్రసిద్ధమైన కులభేద నిరాకరణ భావము పాఠకునకు అందదు. మాచర్ల, గురజాల అనునవి కేవల గ్రామనామములు కావు. మలిదేవుల పక్షమును నలగామరాజు పక్షమును సూచించు రాజకీయ సంకేతములు. ఇట్టి ప్రతి స్థలమునను టిప్పణి అక్కడికక్కడే పుట్టవలెను.

ఖండవిభజన

అనువాద సాఫ్ట్‌వేర్‌లలో ‘ఒమేగా-టి’ ఉచితముగా లభించునది. 2000లో కీత్ గాడ్‌ఫ్రీ దీనిని ప్రారంభించెను. ఇది మూలమును చిన్న చిన్న ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండమును అనువాదకుని ముందుంచును. వాక్యమును గాని పేరాను గాని ఖండముగా నిర్ణయించుకొనవచ్చును. ద్విపదకు వాక్యవిభజన తగదు. రెండు పాదములకు ఒకసారి ఖాళీ పంక్తిని విడిచి, పేరా విభజనను గ్రహించి, సాదా పాఠ్యమునకు ఖాళీ పంక్తియే పేరాకు హద్దుగా నియమించినచో ద్విపద చెదరక ఒకే ఖండముగా నిలుచును. టిప్పణియు అప్పుడు ద్విపదకే అంటియుండును.

సంచారమునకు ఆదేశములు

ఖండము నుండి ఖండమునకు పోవుటకు కంట్రోల్ కీతో ఎన్ అక్షరమును, వెనుకకు వచ్చుటకు కంట్రోల్ కీతో పి అక్షరమును నొక్కవలెను. కంట్రోల్, యు కీలు ఇంకను అనువదింపని తరువాతి ఖండమునకు చేర్చును. ఖండసంఖ్య తెలిసినపుడు కంట్రోల్, జె కీలు నొక్కి ఆ సంఖ్యను ఇచ్చిన చాలును. కంట్రోల్, ఎఫ్ కీలు అన్వేషణ విండోను తెరచును. టిప్పణులలో కూడ వెదకు సౌకర్యము అందు కలదు. వెదకుచు దూరముననున్న ఖండమునకు పోయినపుడు కంట్రోల్, షిఫ్ట్, పి కీలు మునుపు చూచిన ఖండమునకు మరల చేర్చును. పాఠాంతరములను పోల్చి చూచువారికి ఈ ఆదేశము మిక్కిలి ఉపయుక్తము.

టిప్పణి విండోలో ప్రవేశించుటకు కంట్రోల్, ఆల్ట్ కీలతో తొమ్మిదవ అంకెను, అనువాద విండోకు మరలుటకు అవే కీలతో సున్నను నొక్కవలెను. ‘చాపకూడు’ వంటి పదము వచ్చినపుడు తొమ్మిది నొక్కి వివరము వ్రాసి, సున్న నొక్కి అనువాదమును కొనసాగింపవచ్చును. దృష్టి ద్విపదను విడిచి దూరము పోదు. ఒకే పదమునకు గ్రంథమంతట ఒకే అనువాదము కావలసినపుడు దానిని టిప్పణిలో గాక పదకోశమున చేర్చుట మేలు. అందులకు కంట్రోల్, షిఫ్ట్, జి కీలు ఉన్నవి.

తరువాతి టిప్పణికి, మునుపటి టిప్పణికి పోవు ఆదేశములు కూడ మెనూలో కలవు. వీనికి తమకు అనువైన కీలను వాడువారే నియమించుకొనవచ్చును. సాఫ్ట్‌వేర్ అమరికల ఫోల్డరులో నుండు షార్ట్‌కట్ల ఫైలు ఒక సాదా పాఠ్య పత్రము. అందు ఒక్కొక్క పంక్తిలో ఆదేశము పేరు, సమాన చిహ్నము, కీల పేర్లు వరుసగా వ్రాసి, సాఫ్ట్‌వేర్‌ను మూసి తిరిగి తెరచిన మార్పు అమలగును. టిప్పణులు గల ఖండములను వేరు రంగుతో చూపు ఏర్పాటును మెనూ నుండి ఎన్నుకొనిన ఏ ద్విపదకు వివరణ ఉన్నదో చూపుమాత్రమున తెలియును.

తెలుగు కీబోర్డుతో వచ్చు చిక్కు

తెలుగులో టైపు చేయువారికి ఇచట ఒక చిక్కు ఎదురుకావచ్చును. విండోస్ వ్యవస్థలో కంట్రోల్, ఆల్ట్ కీలను కలిపి నొక్కుట కుడివైపు ఆల్ట్ కీని నొక్కుటతో సమానము. ఇన్‌స్క్రిప్ట్ వంటి కీబోర్డు అమరికలలో కుడి ఆల్ట్ అదనపు అక్షరములకు, అంకెలకు కేటాయింపబడి యుండవచ్చును. అట్టిచోట విండో మారుటకు బదులు పాఠములో అనవసరమైన గుర్తు చేరు ప్రమాదము కలదు. పాఠశుద్ధిని కోరువారు దీనిని ముందే పరీక్షించి చూచుకొనవలెను. చిక్కు కనబడినచో పైన చెప్పిన ఫైలు ద్వారా ఆ ఆదేశములకు ఎఫ్ వరుసలోని కీలను నియమించుట క్షేమము. ఆ కీలకు భాషతో సంబంధము లేదు.

ఆవృత్తి, ముద్రణ

మౌఖిక గాథలలో ఒకే పంక్తి పలుమార్లు వచ్చుట సహజము. ఖండము అక్షరము తప్పక ఆవృత్తమైనచో ఒకచోటి అనువాదమే మిగిలిన చోట్లను వచ్చును. దానితోడి టిప్పణియు వచ్చును. బ్రహ్మనాయుని సభలోని పంక్తియు, నాగమ్మ సభలోని పంక్తియు పదములలో ఒకటియైనను సందర్భమున భిన్నములు కావచ్చును. అట్టిచోట ప్రత్యామ్నాయ అనువాదముగా ప్రత్యేకించినగాని టిప్పణి ఆ ఒక్క స్థలమునకు పరిమితము కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. కంట్రోల్, డి కీలతో అనువాద గ్రంథమును సిద్ధపరచినపుడు టిప్పణి విండోలోని విషయము అందు చేరదు. అది ప్రాజెక్టు స్మృతి ఫైలులోనే నిలిచియుండును. ఈ టిప్పణి పని టిప్పణియే గాని ముద్రితమగు పాదసూచిక కాదు. కావున గ్రంథము పూర్తియైన పిదప టిప్పణులను ఒక్కొక్కటిగా పరిశీలించి, పాఠకునకు అవసరమైన వానిని వర్డ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో పాదసూచికలుగా చేర్చుకొనవలెను. అందులకు వర్డ్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ కీలు ఉపయోగపడును. తెలుగు కీబోర్డు అమలులో నున్నపుడు పైన చెప్పిన జాగ్రత్త ఇచటను వర్తించును. ముద్రిత ప్రతిని మాత్రమే దాచి ప్రాజెక్టు ఫోల్డరును తొలగించినవారు, అనువాదమును నిలుపుకొని, దానికి కారణములైన విచారములను పోగొట్టుకొందురు. నరసరావుపేటలో ఒక విద్యార్థి నేడు చేసిన పదనిర్ణయమును పదేండ్ల తరువాత మరియొక పరిశోధకుడు ప్రశ్నించినపుడు, సమాధానము ఆ ఫోల్డరులోనే లభింపవలెను. కళాశాలలు సిద్ధాంతవ్యాసముతో పాటు ఈ ప్రాజెక్టు ఫోల్డరును కూడ గ్రంథాలయమున భద్రపరచుట ఉచితము.