శివారుకు నీరు చేరేదెలా?

ధవళేశ్వరం నుంచి బొబ్బర్లంక, లొల్ల, గన్నవరం, రాజోలు మీదుగా మలికిపురం దాకా కాలువల దారిలో తిరిగి వచ్చాం. కోనసీమకు అన్నం పెడుతున్న నీటి దారి ఇది.

1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్టకు కాటన్ దొర పేరు నిలిచింది. నిలవాల్సిందే. 1833 కరువులో జనం పిట్టల్లా రాలిపోయిన తర్వాత, పడిపోయిన శిస్తు మళ్లీ పెరగాలనే కుంఫిణీ డబ్బు పెట్టింది. రాయి కొట్టి, మట్టి తట్ట మోసిన వేలాది కూలీల పేర్లు మాత్రం మేము చూసిన ఏ ఫలకం మీదా లేవు.

లొల్ల లాకుల దగ్గర ఆగాం. కాలువ పల్లాన్ని మెట్లు మెట్లుగా దించి, మెట్టు దగ్గర లాకు కట్టారు. రెండు జతల తలుపుల మధ్య తొట్టిలాంటి గది. పడవ లోపలికొచ్చాక తలుపులు మూసి నీరు నింపితే పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. ధాన్యం, కొబ్బరికాయలు ఈ దారినే వెళ్లేవి. ఎదురు నీటికి మనుషులే తాడు భుజాన వేసుకుని గట్టు మీద నుంచి పడవ లాగేవారు. రోడ్లు వచ్చాయి, లారీలు వచ్చాయి, పడవలు పోయాయి. కాలువతో చేలకున్న అవసరం మాత్రం పోలేదు.

గన్నవరం దగ్గర కాలువే వైనతేయ గోదావరిని దాటుతుంది. కింద నది, పైన కాలువ! 49 ఖానాల పాత అక్విడక్టు 1850ల నాటిది. దాని పక్కనే 2000లో వచ్చిన కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. అవతలి దీవిలోని రాజోలు, మలికిపురం చేలకు సాగునీరు ఇలా దాటి రావాల్సిందే.

మలికిపురం శివారు ప్రాంతం. ఎగువవాళ్లు పెట్టుకోగా మిగిలిందే ఇక్కడికి వస్తుంది. వానొస్తే మరో బాధ. మురుగు కాలువలు పూడి, గుర్రపుడెక్క పట్టి చేలు మునుగుతాయి. శంకరగుప్తం డ్రెయినులోకి సముద్రపు పోటు ఎగదన్ని కేశనపల్లిలో కొబ్బరిచెట్లు తలలు వాల్చేశాయి.

2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేకపోవటంతోపాటు ముంపు కూడా అందుకు కారణమే. ఊడ్పులు లేని ఆ ఏడాది కూలీ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందని అడిగినవారెందరు? రైతుకు పంట విరామమైతే కూలీకి పస్తే.

వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లోనే పూడిక తీయాలి. నీళ్లు వదిలే ముందు నాలుగు రోజులు యంత్రం తిప్పి బిల్లు చేసుకోవటం కాదు. మనిషి చేయగల పని కూలీలకే ఇవ్వాలి, కూలి వెంటనే చెల్లించాలి. కాటన్ విగ్రహానికి దండ వేసినంత మాత్రాన శివారుకు నీరు రాదు. రైతూ కూలీ ఒక్కటై అడిగితేనే వస్తుంది.